ఉండి ఉండి మొండికేసే ఆటోమేటిక్ గేర్లు: పాత పికప్‌లో లోపాన్ని వెతికే పద్ధతి

పొద్దున హన్మకొండలో బయలుదేరినప్పుడు మెత్తగా మారిన గేర్లు జనగామ చేరేసరికి మొండికేస్తాయి. ఇంజిన్ అరుస్తుంది గాని బండి ముందుకు సాగదు, లేదా ఒకే గేరులో బిగుసుకుపోయి ఎంత తొక్కినా మారదు. రోడ్డు పక్కన ఆపి, తాళం తిప్పి, టీ తాగి వచ్చి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. మరునాడు మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అదే దారిలో తిప్పితే లోపం జాడ కూడా ఉండదు.

వరంగల్ చుట్టుపక్కల మాన్యువల్ గేర్ బాక్స్‌ను కళ్లు మూసుకుని విప్పి బిగించగల పనివాళ్లకు కొదవ లేదు. ఆటోమేటిక్ విప్పేవారు మాత్రం తక్కువ. అందుకే "బాక్స్ దింపి హైదరాబాద్ పంపాలి" అనే మాట ఇక్కడ చాలా తొందరగా వినిపిస్తుంది. ఆ మాట కొన్నిసార్లు నిజమే కావచ్చు గాని, లోపం ఏ పరిస్థితిలో వస్తోందో రాసి పెట్టుకోకుండా బాక్స్ దింపనివ్వడం వేల రూపాయలు పెట్టి గుడ్డిగా రాయి విసరడమే. ఇంటి ముందు చేయగలిగిన పరీక్షలను, ఖర్చు తక్కువైన వాటితో మొదలుపెట్టి, నేను పాటించే వరుసలోనే కింద వివరిస్తున్నాను.

మన దేశంలో ఆటోమేటిక్ పికప్‌లు మొదటి నుంచీ అరుదు. ఇసుజు వీ-క్రాస్‌లో 2019లో 1.9 లీటర్ల డీజిల్ ఇంజిన్‌తో ఆరు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది, టొయోటా హైలక్స్ 2022లో వచ్చింది. ఇక్కడ చెప్పే పద్ధతి ఏ ఒక్క కంపెనీ బండికో పరిమితం కాదు. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా బాక్స్‌కు అందించే భాగం), ప్లానెటరీ గేర్లు (ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే పళ్లచక్రాలు), కంప్యూటర్ ఉన్న ఆటోమేటిక్‌లన్నింటికీ ఇది వర్తిస్తుంది. గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ, మాన్యువల్ బాక్స్‌లోనే క్లచ్‌ను, గేర్లను యంత్రం మార్చే ఏఎంటీ రకాల కథ వేరు.

లోపల జరిగేది ఏమిటి

ఆటోమేటిక్‌లో గేరు మారడమంటే ఒక క్లచ్ గుత్తి వదిలేయడం, అదే క్షణంలో మరొకటి పట్టుకోవడం. ఆ పట్టు ఆయిల్ ప్రెషర్ వల్ల వస్తుంది. ఆ ప్రెషర్‌ను ఎటు పంపాలో వాల్వ్ బాడీ (ఆయిల్ దారులున్న దిమ్మె) లోని సోలినాయిడ్లు, అంటే కరెంటుతో తెరిచి మూసుకునే వాల్వులు, నిర్ణయిస్తాయి, వాటికి కరెంటు ఎప్పుడు ఇవ్వాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది, ఆ కంప్యూటర్ స్పీడ్ సెన్సర్లు, యాక్సిలరేటర్ సెన్సర్, గేర్ లివర్ స్విచ్, ఆయిల్ ఉష్ణోగ్రత సెన్సర్ చెప్పే మాట విని నడుచుకుంటుంది. ఈ గొలుసులో ఏ కడియం జారినా సీటులో కూర్చున్న మనకు తెలిసేది ఒక్కటే: గేరు పడలేదు.

అరిగిపోయిన క్లచ్ ప్లేటుకు తెల్లారేసరికి మందం పెరగదు. కాబట్టి వచ్చి పోయే లోపానికి ముందుగా అనుమానించాల్సినవి వైర్లు, కనెక్టర్లు, సెన్సర్లు, ఆయిల్. దీనికి ఒక మినహాయింపు ఉంది. గట్టిపడిన రబ్బరు సీళ్లు కొన్ని చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ వదిలేసి వేడెక్కాక సర్దుకుంటాయి, మరికొన్ని ఆయిల్ వేడెక్కి పలుచబడ్డాకే కారడం మొదలుపెడతాయి. ఇవి లోపలి లోపాలే అయినా వచ్చి పోతున్నట్టే కనిపిస్తాయి. రెండింటినీ వేరు చేసేది మొదటి మెట్టులోని నోటు పుస్తకమే.

మొదటి మెట్టు: రాసుకోవడం

కనీసం వారం రోజులు డాష్‌బోర్డు మీద ఒక చిన్న పుస్తకం ఉంచండి. లోపం వచ్చిన ప్రతిసారీ బండి ఆపాక ఈ సంగతులు రాయండి: స్టార్ట్ చేసి ఎన్ని కిలోమీటర్లు అయింది, ఏ గేరు నుంచి ఏ గేరుకు మారాల్సి ఉంది, వేగం ఎంత, ఇంజిన్ ఆర్‌పీఎం ఎంత, కాలు ఎంత నొక్కి ఉంది, లోడు ఉందా, ఏసీ నడుస్తోందా, వాన పడుతోందా, గుంతలో పడ్డాక వచ్చిందా, డాష్‌బోర్డులో ఏదైనా లైటు వెలిగిందా. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. తాళం ఆపి మళ్లీ వేస్తే వెంటనే పోయిందా, లేక బండి చల్లారాకే పోయిందా?

తాళం తిప్పగానే పోయిందంటే కంప్యూటర్ ఏదో తప్పు సంకేతాన్ని పట్టుకుని, బాక్స్‌ను కాపాడటానికి ఒకే గేరులో బిగించి ఉంచిందని అర్థం. ఇలాంటప్పుడు లోపం దాదాపుగా విద్యుత్ వైపే ఉంటుంది. చల్లారితేనే పోతోందంటే ఆయిల్, కూలర్, లేదా వేడికి తీగచుట్ట తెగిపోతున్న సోలినాయిడ్ వైపు చూడాలి. మలుపు తిరిగినప్పుడో, గట్టిగా బ్రేక్ వేసినప్పుడో మాత్రమే గేరు జారుతోందంటే ఆయిల్ తగ్గి, అడుగున ఒక పక్కకు ఒరిగి, పంపుకు అందక గాలి పోతోందేమో చూడాలి. గుంతలో పడ్డప్పుడు వస్తే వైరింగ్. పొద్దున మొదటిసారి డ్రైవ్‌లో వేసినప్పుడు రెండు మూడు సెకన్లు ఆలస్యమై, ఆ తర్వాత రోజంతా బాగుంటే సీళ్లు లేదా తక్కువ ఆయిల్.

60 నుంచి 80 కిలోమీటర్ల వేగంలో, కాలు తేలికగా పెట్టి సమంగా పోతున్నప్పుడు, వరుస గీతల స్పీడ్ బ్రేకర్ మీద పోతున్నట్టు వణుకు వస్తే అది గేరు మారడంలో లోపం కాకపోవచ్చు, సమ వేగంలో టార్క్ కన్వర్టర్‌ను బిగించి పట్టే లాకప్ క్లచ్‌ది కావచ్చు. యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రమే తాకండి. లాకప్ వదిలేస్తుంది. వణుకు ఆ క్షణంలోనే ఆగిపోతే దోషి లాకప్, ఆగకపోతే ఇంజిన్ మిస్ ఫైరింగ్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) వైపు చూడండి. ఖాళీ రోడ్డు మీద, వెనుక బండి లేనప్పుడే ఈ పరీక్ష చేయాలి.

రెండో మెట్టు: బ్యాటరీ టెర్మినల్ మీద చేయి వేయకముందే స్కానర్

చాలామంది మొదట చేసే పని బ్యాటరీ తీసి పెట్టడం. రెండు రోజులు బాగుంటుంది కూడా. కాని దానితో చాలా బండ్లలో కంప్యూటర్‌లో దాచిన లోపాల కోడ్‌లు చెరిగిపోతాయి, లోపం వచ్చిన క్షణంలో వేగం, ఉష్ణోగ్రత ఎంత ఉన్నాయో చెప్పే చిట్టా చెరిగిపోతుంది, క్లచ్‌ల అరుగుదలకు తగ్గట్టు బాక్స్ నేర్చుకున్న సర్దుబాట్లు కూడా పోయి, కొత్తగా కుదుపులు మొదలవుతాయి. సాక్ష్యాన్ని మన చేతులతో మనమే తుడిచేసినట్టవుతుంది.

ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చవక ఓబీడీ పరికరం ఇంజిన్ కోడ్‌లు చదువుతుంది గాని, చాలా బండ్లలో గేర్ బాక్స్ కంప్యూటర్ లోపలికి వెళ్లలేదు. పి0700 అనే కోడ్ మాత్రమే కనిపిస్తే, దాని అర్థం "అసలు సంగతి గేర్ బాక్స్ కంప్యూటర్‌ను అడగండి" అని. అప్పుడు ఆటోనగర్‌లోనో మరోచోటనో మంచి స్కానర్ ఉన్నవారి దగ్గర చదివించి, కోడ్‌లతో పాటు ఆ క్షణపు చిట్టాను ఫొటో తీసుకోండి. పి0705 లివర్ స్విచ్‌ను, పి0715 ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్‌ను, పి0720 అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్‌ను, పి0741 లాకప్‌ను, పి0750తో మొదలయ్యే వరుస షిఫ్ట్ సోలినాయిడ్లను, పి0731 నుంచి వచ్చేవి ఆయా గేర్ల నిష్పత్తి తప్పడాన్ని సూచిస్తాయి.

కోడ్ పేరులో ఉన్న భాగాన్ని వెంటనే కొనకండి. సెన్సర్ కోడ్ అంటే సెన్సర్ చెడిందని కాదు, ఆ సెన్సర్ నుంచి రావాల్సిన కబురు రాలేదని మాత్రమే. ఈ తేడా తెలియక నేను ఒక సెన్సర్ డబ్బులు పోగొట్టుకున్నాను. ఆ సంగతి కింద ఐదో మెట్టులో వస్తుంది.

మూడో మెట్టు: ఆయిల్

డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) ఉన్న బండి అయితే, చాలా రకాల్లో పద్ధతి ఇది: పది పదిహేను కిలోమీటర్లు తిప్పి వేడెక్కించి, సమతలమైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, కాలితో బ్రేక్ తొక్కి పట్టుకుని లివర్‌ను అన్ని స్థానాల్లో ఒక్కో రెండు మూడు సెకన్లు ఉంచి, పార్క్‌లోకి తెచ్చి, ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి. కొన్ని కంపెనీలు న్యూట్రల్‌లో చూడమంటాయి, కొన్ని ఇంజిన్ ఆపాక చూడమంటాయి కాబట్టి బండితో వచ్చిన పుస్తకం మాటే తుది మాట. డిప్‌స్టిక్ లేని బాక్స్‌లకు అడుగున ఒక చెక్ ప్లగ్ ఉంటుంది. ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు దాన్ని తీస్తే సన్నని ధార కారి ఆగిపోవాలి. ఉష్ణోగ్రత తెలియకుండా ఆ ప్లగ్ విప్పితే కొలత తప్పడమే కాదు, చేయి కూడా కాలుతుంది.

ఆయిల్ తక్కువైనా, మోతాదు మించినా ఫలితం ఒకటే. నురగ వస్తుంది, నురగకు ప్రెషర్ నిలవదు. చుక్కను తెల్ల కాగితం మీద వేసి చూడండి. ఎర్రగా తేటగా ఉంటే మంచిదే, గోధుమ రంగుకు తిరిగితే పాతబడింది, నల్లబడి మాడిన వాసన వస్తే క్లచ్‌లు కాలాయి. గులాబీ రంగు మజ్జిగలా చిక్కగా కనిపిస్తే నీళ్లు కలిశాయి.

ఈ నీళ్ల సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వానాకాలంలో ములుగు, తాడ్వాయి అడవుల్లో వాగులు దాటే బండ్లలో, వేడిగా ఉన్న బాక్స్ చల్లని నీటిలో ఒక్కసారిగా మునిగితే లోపలి గాలి ముడుచుకుని బ్రీదర్ గొట్టం గుండా బయటిదాన్ని పీల్చుకుంటుంది. ఆ గొట్టం ఊడిపోయి నీటి మట్టానికి కింద వేలాడుతుంటే పీల్చేది వాగు నీటినే. రెండో దారి రేడియేటర్. కొన్ని బండ్లలో గేర్ ఆయిల్ కూలర్ దాని తొట్టిలోనే ఉంటుంది, అది లోపల చిల్లుపడితే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది. నీళ్లయినా కూలెంటయినా క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్‌ను పట్టి ఉంచే జిగురును వదులు చేస్తాయి. గులాబీ మజ్జిగ కనిపించిన రోజు బండి నడిపి షెడ్డుకు తీసుకుపోకండి, లాగించుకుని పోండి.

ఆయిల్ తగ్గిందని దొరికిన ఎర్ర ఆయిల్ పోయవద్దు. డెక్స్‌రాన్ 3 అడిగే పాత బాక్స్‌కూ, టొయోటా డబ్ల్యూఎస్ వంటి పలుచని రకం అడిగే బాక్స్‌కూ ఒకే డబ్బా పనికిరాదు.

నాలుగో మెట్టు: వోల్టేజీ, ఎర్తు

మల్టీమీటర్‌తో పావుగంటలో అయిపోయే పని ఇది. రాత్రంతా నిలిచిన బ్యాటరీలో 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.4 వరకు ఉండాలి. తర్వాత మీటర్‌ను ఏసీ వోల్టేజీకి మార్చి, హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ మీదే చూడండి. అర వోల్టు దాటి కనిపిస్తే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయి ఉండవచ్చు. ఆ అలజడికి కంప్యూటర్ తికమకపడి లాకప్‌ను పట్టుకుని వదులుతూ ఉంటుంది, పాపం బాక్స్‌కు చెడ్డపేరు వస్తుంది. చివరగా బ్యాటరీ మైనస్‌కూ గేర్ బాక్స్ లోహానికీ మధ్య, లైట్లు, ఫ్యాన్ అన్నీ వేసి డీసీ వోల్టేజీ కొలవండి. 0.2 వోల్టులు దాటితే ఎర్తు పట్టీ బోల్టులు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించండి.

ఐదో మెట్టు: వైరింగ్

తొందరపడకూడని చోటు ఇదే. నా అనుభవంలో వచ్చి పోయే లోపాలు ఎక్కువగా దాక్కునేది ఇక్కడే.

నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న డబుల్ క్యాబ్ పికప్ ఒక జూన్ నెలలో, వాన పడుతుండగా, ములుగు జిల్లాలోని పస్రా దాటాక మూడో గేరులో బిగుసుకుపోయింది. తాళం తిప్పితే సరిపోయింది. తర్వాత అలా నాలుగైదు సార్లు జరిగింది. స్కానర్‌లో పి0720 వచ్చింది. ఒక షెడ్డులో అవుట్‌పుట్ సెన్సర్ మార్చారు, పది రోజులకు లోపం తిరిగి వచ్చింది. ఇంకో షెడ్డులో బాక్స్ దింపాలన్నారు. చివరికి పుస్తకం తెరిచి చూస్తే, లోపం వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు కలిసి ఉన్నాయి: వాన, గుంత.

ఒక ఆదివారం బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, చేతిలో టార్చి పట్టుకుని, సెన్సర్ దగ్గర మొదలుపెట్టి వైరింగ్ కట్టను అంగుళం అంగుళం తడుముతూ ముందుకు వచ్చాను. కట్టను పైకి పట్టి ఉంచాల్సిన ప్లాస్టిక్ క్లిప్ ఒకటి ఎప్పుడో విరిగిపోయింది. కట్ట జారి ఒక ఇనుప బ్రాకెట్ అంచు మీద ఆనుతోంది. నల్ల టేపు పైకి బాగానే ఉంది, కాని కట్టను చేత్తో తిప్పితే అడుగు వైపున టేపు నిగనిగలాడుతోంది. టేపు విప్పాను. ఒక వైరు తొడుగు రాపిడికి అరిగి, బియ్యపు గింజంత మేర రాగి తీగ మెరుస్తూ బయటపడింది. ఎండలో అది ఏమీ చేయదు. వాన తడికి, గుంత కుదుపుకు కలిసి బ్రాకెట్‌ను తాకిన క్షణంలో స్పీడ్ సంకేతం ఎర్తుకు పోతుంది, కంప్యూటర్ భయపడి మూడో గేరు పట్టుకుంటుంది. తీగను సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, కొత్త క్లిప్ పెట్టడానికి అయిన ఖర్చు ఒక పూట భోజనానికి కూడా సరితూగదు.

కాబట్టి కట్ట ఎక్కడెక్కడ ఇనుమును తాకుతోందో, సైలెన్సర్ గొట్టానికి ఎక్కడ దగ్గరగా పోతోందో ముందు చూడండి. పత్తి, వడ్లు నిల్వ ఉన్న షెడ్డులో బండి ఆపేవారు ఎలుక పళ్ల గాట్ల కోసం కూడా చూడాలి. తర్వాత గేర్ బాక్స్ పక్కనున్న పెద్ద కనెక్టర్‌ను బ్యాటరీ తీసి విప్పండి (కోడ్‌లు ఇప్పటికే రాసుకున్నారు కాబట్టి ఇప్పుడు తీయవచ్చు). పిన్నుల మధ్య ఎర్రని ఆయిల్ తేమ కనిపిస్తే లోపలి సీలు కారుతోంది. పచ్చని పొడి కనిపిస్తే నీళ్లు చేరాయి. వదులైన పిన్ను చూపుకు దొరకదు. సరిపడే మందం ఉన్న పిన్నును దూర్చి లాగితే మిగతావాటికంటే తేలికగా జారి వస్తుంది. విద్యుత్ కాంటాక్టులకు వాడే స్ప్రేతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి, పెట్రోలు మాత్రం వాడవద్దు. స్పీడ్ సెన్సర్ వైర్లు రెండూ ఒకదానికొకటి మెలిపెట్టి ఉంటే, అతుకు వేశాక కూడా అదే మెలిక ఉంచండి. బయటి అలజడి సంకేతంలో కలవకుండా కంపెనీ పెట్టిన మెలిక అది.

కనెక్టర్ విప్పి ఉండగానే ఒక్కో సోలినాయిడ్ రెసిస్టెన్స్‌ను చల్లగా ఒకసారి కొలవండి, కనెక్టర్ తిరిగి పెట్టి గంట ప్రయాణం చేశాక మళ్లీ విప్పి వేడిగా ఒకసారి కొలవండి. వేడికి కొద్దిగా పెరగడం సహజం. చల్లగా ఉన్నప్పుడు మాన్యువల్‌లో చెప్పిన విలువే చూపి, వేడిలో అనంతం చూపించే సోలినాయిడే మీరు వెతుకుతున్న దొంగ.

లివర్ స్విచ్ పరీక్ష చిన్నది. పార్క్‌లో స్టార్ట్ కాక న్యూట్రల్‌లో మాత్రమే అవుతున్నా, డ్రైవ్‌లో ఉండగా లివర్‌ను వేలితో కొద్దిగా కదిలిస్తే డాష్‌బోర్డులో అక్షరం ఆరి వెలుగుతున్నా, స్విచ్‌నో దాని సర్దుబాటునో అనుమానించండి.

ఆరో మెట్టు: నడుస్తుండగా అంకెలు చూడటం

దీనికి ఇద్దరు కావాలి, ఒకరు నడపాలి, ఒకరు స్కానర్ చూడాలి. ఇన్‌పుట్ వేగం, అవుట్‌పుట్ వేగం, కంప్యూటర్ అడిగిన గేరు, యాక్సిలరేటర్ శాతం, ఆయిల్ ఉష్ణోగ్రత, ఈ ఐదింటినీ రికార్డ్ చేస్తూ, పుస్తకంలో రాసుకున్న పరిస్థితినే మళ్లీ సృష్టించాలి. వేడిలో వచ్చేదైతే మధ్యాహ్నం, లోడుతో వచ్చేదైతే లోడుతో.

లోపం వచ్చిన క్షణంలో మూడు రకాల్లో ఒకటి కనిపిస్తుంది. బండి 50లో పోతుండగా అవుట్‌పుట్ వేగం ఒక్కసారిగా సున్నాకు పడి లేస్తే, అది సెన్సర్ లేదా వైరు. అంకెలన్నీ సరిగ్గా ఉండి, కంప్యూటర్ అసలు గేరు మార్చమని అడగనే లేదంటే, లివర్ స్విచ్, యాక్సిలరేటర్ సెన్సర్, ఇంజిన్ లోడును కొలిచే గాలి సెన్సర్ వైపు చూడాలి. అడిగింది గాని నిష్పత్తి మారలేదంటే, సోలినాయిడ్, వాల్వ్ బాడీ, క్లచ్, అంటే బాక్స్ లోపలి లోపం. జారడాన్ని లెక్కతోనే పట్టవచ్చు. ఉదాహరణకు 1:1 నిష్పత్తి ఉన్న గేరులో ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ 2000 దగ్గర ఉండాలి. గేరు పడిపోయాక కూడా ఇన్‌పుట్ 2300, అవుట్‌పుట్ 2000 చూపుతుంటే ఆ 300 ఆర్‌పీఎం క్లచ్ ప్లేట్ల మధ్య వేడిగా మారి కాలిపోతోంది.

ఆయిల్ ఉష్ణోగ్రత సాధారణంగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య తిరుగుతుంది. 120 దాటి నిలిచిందంటే ఆయిల్ ఆయుష్షు వేగంగా తరుగుతుంది. మన ఎండాకాలపు 43, 44 డిగ్రీల్లోనో, మేడారం జాతర రద్దీలో గంటల తరబడి పాకుతున్నప్పుడో ఆ హద్దు అంత దూరం కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలే బండ్లలో మరో కారణం ఉంటుంది. ముందు జాలీలోంచి చూస్తే ఏసీ కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది గాని, దానికీ రేడియేటర్‌కూ మధ్యనున్న సందులో దూది, దుమ్ము, పురుగులు కలిసి పలుచని బొంతలా పేరుకుని ఉంటాయి. పై క్లిప్పులు తీసి, ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్ నీటితో కడగండి. ఎదురుగా గట్టి ధార కొడితే రెక్కలు వంగి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

ఏడో మెట్టు: అడుగు పాన్ విప్పడం

పై పరీక్షలు లోపలి వైపు వేలు చూపినప్పుడే దీనికి రండి. బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెమే పాన్. దానిలోని అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తని ముద్ద ఉండటం సహజం. గోటికి తగిలే ఇనుప పలుకులు, ఇత్తడి రంగు మెరుపులు, అడుగున నల్లని రేకుల్లాంటి లైనింగ్ ముక్కలు ఉంటే బాక్స్ విప్పక తప్పదు. శుభ్రంగా ఉంటే ఫిల్టర్, గాస్కెట్ మార్చి, తీసిన ఆయిల్‌ను కొలిచి అంతే కొత్తది పోసి, తర్వాత పద్ధతి ప్రకారం మట్టం చూడండి. పాన్ తీస్తే మొత్తం ఆయిల్ రాదు, టార్క్ కన్వర్టర్‌లో చాలా భాగం మిగిలిపోతుంది. అందుకని కొన్ని వందల కిలోమీటర్ల తేడాతో రెండు మూడు సార్లు మార్చడమే, ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని బాక్స్‌కు మెషిన్‌తో ఒత్తిడి పెట్టి కడగడం కంటే మేలని నా అభిప్రాయం. దీనిని ఒప్పుకోని మెకానిక్‌లూ ఉన్నారు.

లైన్ ప్రెషర్ గేజ్ పరీక్షను, బ్రేక్ తొక్కి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కే స్టాల్ పరీక్షను అనుభవం ఉన్నవారికే వదలండి. రెండోదాన్ని ఐదు సెకన్లు దాటనిస్తే మంచి బాక్స్ కూడా పాడవుతుంది, బ్రేక్ జారితే ఎదుట ఉన్న మనిషి మిగలడు. బాక్స్ దింపక తప్పని స్థితి వస్తే, నోటు పుస్తకం, కోడ్‌ల ఫొటోలు, రికార్డ్ చేసిన అంకెలు, పాన్‌లో దొరికినవి ఒక సీసాలో వేసి, అన్నీ బండితో పాటు పంపండి. ఏ గేరు, ఏ వేడిలో, ఎంత జారుతోందో తెలిసిన పనివాడు విప్పకముందే ఏ క్లచ్ గుత్తిని చూడాలో అంచనా వేసుకుంటాడు.

ఏది సరిచేసినా, కోడ్‌లు చెరిపి, బ్యాటరీ తీసి ఉంటే బాక్స్ మళ్లీ నేర్చుకోవడానికి వంద కిలోమీటర్ల వరకు నెమ్మదిగా నడిపి, ఆ తర్వాత లోపం వచ్చే పరిస్థితిలోనే పరీక్షించండి. నా బండికి అతుకు వేసిన రోజు ఎండ కాసింది, తర్వాతి పన్నెండు రోజులూ బాగానే నడిచింది, కాని పుస్తకంలో ఆ పేజీని కొట్టివేయలేదు. జూలైలో గట్టి వాన కురిసిన సాయంత్రం ములుగు దారిలోని అవే గుంతల మీదుగా పస్రా దాకా వెళ్లి తిరిగి వచ్చాకే దాని మీద గీత గీశాను.